తాళంకప్ప కట్టిన కాలెముక

మా సారు దృష్టిలో మనిషి మోకాలు తొంభై డిగ్రీలే వంగాలి. కుర్చీలో కూర్చుంటే ఎంత వంగుతుందో అంత. అంతకుమించి వంగితే అది ఆయనకు మోకాలు కాదు, ప్రమాదం. నేనప్పుడు హైదరాబాదులో ఫిజియోథెరపీ రెండో ఏడాది చదువుతున్నాను. బయోమెకానిక్స్ క్లాసంటే ఎముకలు, కీళ్లు, కండరాలు ఏ బలానికి ఎట్లా కదులుతాయో నేర్పే క్లాసు. సారు తెర మీద ఒక మనిషి బొమ్మ చూపించేవాడు. ఆ బొమ్మ మనిషి నడిచేవాడు, మెట్లెక్కేవాడు, కుర్చీలోంచి లేచేవాడు. జన్మలో ఒక్కసారైనా నేల మీద కూర్చునేవాడు కాడు. వరి నాటేవాడు కాడు, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేవాడు కాడు, పొద్దున చెంబు పట్టుకొని చెట్ల చాటుకు పోయేవాడు కాడు. వాడు ఏ దేశపోడో నాకు తెలియదు గానీ మా ఎల్లారెడ్డి దిక్కు వాడు మాత్రం కాదు.

ఒకరోజు ప్రాక్టికల్ క్లాసులో మోకాటి కింది పెద్ద ఎముక నా చేతికి వచ్చింది. కింది కొసన, చీలమండ కీలు దగ్గర, ముందువైపు అంచు మీద చిటికెనవేలి గోరంత నున్నటి మచ్చ ఉంది. ఇదేమిటా అని పుస్తకం తిరగేశాను. ఏళ్ల తరబడి గొంతుక్కూర్చొని పనిచేసే మనుషులకు పాదం ఎముక పైకి ఒత్తుకొని ఒత్తుకొని అక్కడ అట్లా నునుపు తేలుతుందట. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి బతికినంత కాలం ఎట్లా కూర్చుందో ఎముకే చెబుతోంది. పక్క ట్రేలోవి తీసి చూశాను. వాటికీ ఉంది.

పరుగున పోయి సారుకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, "అదొక అసహజ లక్షణం. పరీక్షలో రాయకు, నార్మల్ రాస్తే చాలు" అన్నాడు.

"ఇక్కడున్న అన్ని ఎముకలకూ ఉంది సార్. మరి అసహజం ఎవరికి?"

"వెళ్లి కూర్చో."

పోయి కూర్చున్నాను, కుర్చీలోనే. అరికాలి మంట నెత్తికెక్కింది. ట్రేల నిండా మావాళ్ల ఎముకలు పెట్టుకొని, వాటి మీద చదువు నేర్చుకొని, నెల జీతం తీసుకొని, చివరికి మావాళ్లే అసహజమా? ఇప్పుడు కామారెడ్డిలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. భిక్నూర్ నుంచో జుక్కల్ నుంచో మోకాళ్ల నొప్పితో వచ్చిన ఆడవాళ్లతో, ఎక్కడో ఎవరో డాక్టరు "కింద కూర్చోవద్దు" అని చెప్పి పంపాడని విన్నప్పుడల్లా ఆ మంట మళ్లీ లేస్తుంది. కింద కూర్చోకుండా వాళ్లు ఏ పని చేసుకొని బతకాలో ఆ డాక్టరు చెప్పడు.

ఆ ఏడాది పరీక్షల ముందు సెలవులిచ్చారు. "ఎముకను పక్కలో పెట్టుకొని పడుకుంటే గానీ బయోమెకానిక్స్ రాదు" అని సారే క్లాసులో చెప్పాడు. ఒక సీనియరు అక్క దగ్గర ఎముకల సంచి ఉండేది. ఆమెకు ఆమె సీనియరు ఇచ్చింది, నా తర్వాత నేను జూనియరుకు ఇవ్వాలి. ఆ సంచి భుజానికి వేసుకొని రైల్లో కామారెడ్డి దిగి, ఎల్లారెడ్డి బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో మా ఊరు చేరాను. ఊరంటే ఊరు కూడా కాదు, పొలాల మధ్య నాలుగు వరసల ఇండ్లు. అమ్మా బాపూ సోయా కోతలకు బిచ్కుంద దిక్కు పోయారు. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. మా బాపును కన్న తల్లి.

అవ్వ గురించి చెప్పాలి. మా ఊళ్లో ఎవరింట్లో పురుడు వచ్చినా పసిబిడ్డకు తానం పోయడానికి అవ్వనే పిలవాలి. పీట మీద కూర్చొని, చీర మోకాళ్ల దాకా ఎగజెక్కి, కాళ్లు బారజాపుతుంది. ఆ రెండు కాళ్ల నడుమ బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, శెనగపిండితో నలుగు పెట్టి, కుడి చేతిని ఎడమ పాదానికి, ఎడమ చేతిని కుడి పాదానికి తెచ్చి కలుపుతుంది. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే "ఐపాయె బిడ్డా, ఐపాయె" అంటూనే ఉంటుంది, నీళ్లు మొదలైన దగ్గర నుంచి సాంబ్రాణి పొగ పట్టే దాకా. నిజానికి అప్పటికి ఏమీ అయిపోయి ఉండదు. ఊళ్లో సగం మంది ఆ కాళ్ల మీద పడుకొని లేచినవాళ్లే. అవ్వకు వేరే పదవి లేదు, వేరే గొప్పా లేదు. పొద్దున్నే నూనె గిన్నె పట్టుకొని నడుం వంచి ఆమె వీధిలో పోతుంటే అందరూ పక్కకు జరిగి దారిచ్చేవాళ్లు. ఆమెకు కావలసింది అదొక్కటే.

అప్పుడు పక్కింట్లోనే పురుడు. పక్కింటి అత్త పుట్టి పెరిగింది మా ఊళ్లోనే. ఇల్లరికపు అల్లుడు రావడంతో అత్తగారిల్లంటూ ఎరగకుండా, పుట్టింటి గోడల మధ్యే పిల్లల్ని కన్నది. ఆమె కూతురు నాతోపాటు బడికొచ్చిన పిల్ల. కాన్పుకు వచ్చి మగబిడ్డను కన్నది. పొద్దుపొద్దున్నే అవ్వ పోయి తానం పోసి వస్తోంది.

నేను అరుగు మీద నులకమంచం వేసుకొని చదువుకుంటున్నాను. మా చదువులో ఒక పద్ధతి ఉంది. కండరం మొదలయ్యే చోట ఎముక మీద ఎర్ర రంగు, అది వచ్చి అతుక్కునే చోట నీలం రంగు వేసుకుంటే గుర్తుంటుంది. కండరం లాగే దిక్కు తెలియడానికి దారం కట్టుకుంటాం. నేను సంచిలోంచి ఒక కాలెముక తీసి రంగులు వేశాను. దానికీ కింది కొసన ఆ నున్నటి మచ్చ ఉంది. మోకాటి కింది బుడిపెకు దారం కట్టాను. కాలు పైకెత్తాలంటే తొడ కండరం ఎంత బలంగా లాగాలో చేతికి తెలియాలని, చీలమండ కొసన బరువు వేలాడదీశాను. చేతికి దొరికిన బరువు గడప పక్కనున్న తాళంకప్ప. కింద ఇంత చిన్న తాళంకప్ప ఉంటే పైన దారాన్ని ఎంత గట్టిగా లాగాల్సి వచ్చిందో! అమ్మో, మోకాలి మీద ఇంత భారం పడుతుందా అని సంబరపడిపోయాను. అదే సమయానికి అత్త పెరుగు తోడు కోసం వచ్చింది. గడప దగ్గర నిలబడి చూసింది. తోడు అడగకుండానే వెనక్కి పోయింది.

మర్నాడు పొద్దున అవ్వ నూనె గిన్నె పట్టుకొని పోయి, పోయిన కాళ్లతోనే తిరిగి వచ్చింది.

"ఏందవ్వా, గప్పుడే వచ్చినవ్?"

"పిలగానికి సర్దయిందట. ఇయ్యాల తానం వద్దన్నది" అని గిన్నె గూట్లో పెట్టింది. కాసేపయ్యాక మెల్లగా, "లోపల ఇంకెవలో కూసోని పోస్తుండ్రే. నీళ్ల సప్పుడు ఇనొచ్చింది" అన్నది.

మధ్యాహ్నానికి గానీ సంగతి తెలియలేదు. బిడ్డ ముందురోజు నుంచి పాలు సరిగ్గా పట్టడం లేదట. అవ్వ మనుమరాలు, అంటే నేను, ఎముకకు కుంకుమ పూసి, దారం చుట్టి, తాళం బిగించి బిడ్డ నోరు కట్టేసిందట. అది నేర్పింది అవ్వేనట. బాణామతి, అంటే చేతబడి! ఆ మాట మా దిక్కు ఎట్లాంటి మాటో తెలియని వాళ్లకు చెప్పడం కష్టం. ఆ ముద్ర పడిన ముసలిదాన్ని ఊరు చంపకపోయినా బతకనివ్వదు. బావి దగ్గర పక్కకు జరుగుతారు, ఎదురొస్తే తలుపు మూస్తారు. ఇక ఆ మనిషి కాళ్ల మీద పసిబిడ్డను పెట్టేదెవరు?

నేను ఎముక పట్టుకునే అత్త వాకిట్లోకి పోయాను. అప్పటికే అక్కడ పదిమంది పోగై ఉన్నారు.

"అత్తా, ఏం కూత కూస్తున్నవ్? ఇది సదువుకునే బొక్క. మా కాలేజీల అందరి దగ్గర ఉంటది."

"సదువుకునే బొక్కకు కుంకుమెందుకే? తాళమెందుకే?"

"కుంకుమ కాదు, రంగు పెన్సిలు! తాళం బరువుకు కట్టిన!"

"ఏం బరువే? మా పిలగాని నోటి మీద బరువా? నీ బొక్కలు నీ దగ్గర వెట్టుకో, వాని నోరు ఇడిచిపెట్టు!"

నాకు ఆవేశంలో ఒక ఆలోచన వచ్చింది. తెలిసిన సంగతి విడమరిచి చెబితే భయం పోతుందనుకున్నాను. ఎముక పైకెత్తి ఆ మచ్చ చూపించాను. "ఇగో, జూడుండ్రి. ఈ మనిషి మన లెక్కనే గొంతుకూసోని పని జేసిన మనిషి. ఈ మచ్చ జూస్తే తెలుస్తది. మీ అందరి కాళ్లల్ల గూడ ఉంటది గిది."

ఎవరో వెనక నుంచి, "వామ్మో! బొక్కను జూసి మనిషి సంగతి జెప్తుందుల్లా! మన కాళ్లల్ల ఏమున్నదో గూడ తెలుసంట!" అన్నారు. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. ఒకావిడ తన కాళ్లు చీర కుచ్చెళ్లలో దాచుకుంది. నేను చదివిన చదువంతా పోయి అవ్వ మెడకే చుట్టుకుంది. పిచ్చి కోపం వచ్చింది. వాళ్ల మీదా, ఆ మచ్చ మీదా, "అసహజం" అన్న సారు మీదా.

అక్కడి నుంచి నేరుగా బడికి పోయాను. కామారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చే సైన్సు మాస్టారు ఒకాయన ఉన్నాడు. ఆయన క్లాసు గోడకు నిలువెత్తు అస్థిపంజరం పటం ఉంటుంది. నాకు ఎముకల పేర్లు మొదట చెప్పింది ఆయనే. "సార్, మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. మీ మాట వింటారు. వాళ్ల పిల్లలకు పాఠం చెప్పేది మీరే కదా" అని బతిమాలాను.

ఆయన అంతా విని పాపం అన్నట్టు తలూపాడు. "నిజమేనమ్మా. కానీ ఊరోళ్లతో మనకెందుకు? ఆ సంచి తీసుకొని సాయంత్రం బస్సుకు వెళ్లిపో. రెండ్రోజులైతే అందరూ మర్చిపోతారు."

"నేను పోతాను సార్. మా అవ్వ ఇక్కడే ఉంటది కదా!"

పాము చావకుండా, కర్ర విరగకుండా బతకడం కొందరికి బాగా వచ్చు. ఆయన చేతి గడియారం చూసుకొని, బస్సు టైమైందని సంచి సర్దుకున్నాడు. వెనక గోడ మీద అస్థిపంజరం పళ్లికిలించుకొని నిలబడి ఉంది. దాన్ని పీకి ఆయన చేతిలో పెట్టాలనిపించింది.

ఇంకా ఆశ చావక కాలేజీ సారుకు ఫోను చేశాను. ఆయన ఫోనులోనైనా ఒక మాట చెబితే, స్పీకరు పెట్టి ఊరికి వినిపిద్దామనుకున్నాను. ఆయన సగం విని, "ఎముకలు ఇంటికి తీసుకెళ్లమని నేను చెప్పానా? కాలేజీ పేరు ఎక్కడా రానివ్వకు" అని పెట్టేశాడు. పక్కలో పెట్టుకొని పడుకొమ్మన్న నోరే అది! ఊరోళ్లకు తెలియక భయం, సరే. ఈ ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా తేలుకుట్టిన దొంగల్లా ఉండిపోయారు. నన్నడిగితే అత్తను క్షమించవచ్చు, ఈ ఇద్దరినీ క్షమించడం నావల్ల కాదు.

ఇంటికొచ్చేసరికి పొద్దు గుంకుతోంది. అవ్వ అరుగు మీద కూర్చొని ఉంది. ఎముక ఆమె ముందు మంచం మీద ఉంది, దారంతో, తాళంకప్పతో.

"ఎవలిదే గిది?" అన్నది.

"తెలియదవ్వా. ఎవలూ రాని పీనుగులే కాలేజీలకు వస్తయ్ చానామట్టుకు."

"ఆడిదా, మొగోనిదా?"

"సన్నగ ఉన్నది. ఆడిదే కావచ్చు. రూఢిగ చెప్పరాదు."

"దినాలు జేసిండ్రా?"

"ఎవలున్నరని జేస్తరు?"

అవ్వ నా మీద విరుచుకుపడింది. "సదువుకు తెచ్చుకున్నవ్, మంచిది. సచ్చినదాని కాలికి తాళమేందే? బరువు గావాలంటే ఇంట్ల ఉల్లిగడ్డలు లేవా? గంత సదివి గంత బుద్ధి లేకపాయె!"

నేను గుడ్లప్పగించాను. రోజంతా నేను ఊరితో కొట్లాడి వస్తే చీవాట్లు నాకు! "అవ్వా, నిన్ను బాణామతి అంటున్నరు, గది జూడవా?" అని అరిచాను. "అననీయ్. అనేటోళ్ల నోళ్లు మనం మూస్తమా. గా పిలగానికి తానం సక్కగ పోసిండ్రో లేదో" అని పక్కింటి వైపు చూసింది. ఆమె బాధ అపవాదు గురించి కాదని, కాళ్లు ఖాళీగా ఉన్నాయని నాకప్పుడు అర్థమైంది.

తెల్లారి లేచేసరికి అవ్వ నీళ్లు కాగబెట్టింది. ఎప్పుడూ పెరట్లో ఉండే పీట ఆ రోజు ముందు వాకిట్లో, నడివీధికి ఎదురుగా వేసి ఉంది. నూనె గిన్నె, శెనగపిండి, చెంబు అన్నీ పక్కనే పెట్టుకొని, చీర ఎగజెక్కి, కాళ్లు బారజాపి కూర్చుంది.

"తే" అన్నది.

"ఏంది?"

"గా బొక్క."

"వద్దవ్వా! ఊరంతా జూస్తరు. ఇంక నిన్ను..."

"తే అంటుంటే!"

తెచ్చి ఇచ్చాను. ఆమె ముందు దారం విప్పింది, తాళంకప్పను అవతలికి పెట్టింది. ఎముకను తన రెండు కాళ్ల నడుమ పడుకోబెట్టింది. బతికున్న రెండు కాళ్లెముకల మధ్య చచ్చిపోయిన మనిషి కాలెముక. నూనె రాసింది. శెనగపిండి పెట్టి పైనుంచి కిందికి మెల్లగా రుద్దింది. నేను వేసుకున్న ఎర్ర రంగు, నీలం రంగు కరిగి ఆమె పిక్కల మీదుగా కారాయి. వీధిలో మనుషులు ఆగారు. చాటలు పక్కన పెట్టి ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. అత్త గోడ పక్కన నిలబడింది, ఆమె వెనక బిడ్డనెత్తుకొని ఆమె కూతురు. అవ్వ ఎవరి వైపూ చూడలేదు. చెంబుతో నీళ్లు ముంచి పోస్తూ, నోట్లో నోట్లోనే అంటోంది.

"ఐపాయె బిడ్డా, ఐపాయె."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపది. ఆ మనిషి పోయినప్పుడు ఒంటి మీద చెంబెడు నీళ్లు పోసిన వాళ్లు ఉన్నారో లేరో. క్లాసులో ఎందరం చేతులు మార్చుకున్నాం, రంగులు పూశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఒక్కరికి తోచిందా? అట్లాంటిది, ఎవరిని బాణామతి అన్నారో ఆ ముసలిదే నడివీధిలో కూర్చొని ఆ పని చేస్తోంది. సిగ్గు ఎవరికి ఉండాలి?

అవ్వ ఎముకను తుడిచి, పాత నూలు బట్టలో చుట్టి నా చేతికిచ్చింది. అప్పుడు గోడ అవతల అలికిడైంది. అత్త కూతురు తల్లిని దాటుకొని, పసిబిడ్డతో మా వాకిట్లోకి వచ్చేసింది. "ఎటు పోతున్నవే!" అని అత్త కేకేసింది. ఆ పిల్ల ఆగలేదు. వచ్చి అవ్వ ముందు నిలబడింది.

"వీడు పాలు తాగుతుండవ్వా. ముక్కు పట్టేసిందంట, గంతే. నిన్న నర్సమ్మ వచ్చి చుక్కల మందు ఏసింది."

"మీ అమ్మ పంపిందా?"

"పంపలే. నేనే వచ్చిన. నువ్వే పొయ్యాలె వీనికి."

బిడ్డను అవ్వ కాళ్ల మీద పెట్టబోయింది. అవ్వ గభాల్న కాళ్లు ముడుచుకుంది.

"ఆగాగు! సచ్చినదానికి పోసిన చేతులతోని పసిగుడ్డును ముట్టుకుంటరానే? తలకు పోసుకొని వస్త, కూసో."

అని లేచి పెరట్లోకి పోయింది. ఆ పిల్ల మా అరుగు మీద కూర్చుంది. గోడ అవతల అత్త శాపనార్థాలు పెడుతూనే ఉంది. "ఆమె తానం జేసొచ్చేదాకా కూసుంటవానే? నీకేం బుట్టిందే!" ఆ పిల్ల బిడ్డను ఒళ్లో సర్దుకొని అక్కడే ఉంది. వీధిలో వాళ్లు కూడా కదల్లేదు. వీళ్లలో ఒక్కరైనా నిన్న ఒక్క మాట అని ఉంటే అని నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఆ తర్వాత కూడా ఎవరూ తప్పయిందని అనలేదు. మాస్టారైతే మరుసటి వారం కలిసి, "నేను చెప్పాను కదమ్మా, సర్దుకుంటుందని" అన్నాడు.

అవ్వ తలకు పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. జుట్టు తుడుచుకోలేదు కూడా, నీళ్లు కారుతూనే ఉన్నాయి. పీట కడిగి, వేరే నీళ్లు కలుపుకొని, మళ్లీ కాళ్లు బారజాపింది. బిడ్డను పడుకోబెట్టుకొని కుడి చేతిని ఎడమ పాదానికి, ఎడమ చేతిని కుడి పాదానికి తెచ్చింది. వాడి మోకాళ్లు రెండూ మడిచి పొట్టకు ఆనించింది. తొంభై డిగ్రీలు ఎప్పుడో దాటిపోయాయి. మొదటి చెంబు పడగానే వాడు కెవ్వుమన్నాడు.

గోడ అవతలి నుంచి అత్త ఉండబట్టలేక అరిచింది. "నీళ్లు మస్తు కాగినయేమో జూడు! తోలూడుతది పిలగానికి!"

అవ్వ తలెత్తలేదు.

"నీకు పోసిన్నాడు మీ అమ్మ గూడ గా గోడ కాన్నే నిలవడి గిట్లనే మొత్తుకుంది" అని, ఇంకో చెంబు ముంచింది. "ఐపాయె బిడ్డా, ఐపాయె."